ముప్పై ఎనిమిది డిగ్రీలు

సొహార్‌లో మా కాలేజీ ల్యాబుకి
గుడ్లు తెచ్చేవాడు లస్మన్న.
రాయికల్ దిక్కువాడు. సహమ్ దారిలో కోళ్ళఫారంలో పని.
దుకాణంలో దొరికే గుడ్డు నాకు పనికిరాదు,
పుంజు తొక్కిన గుడ్డు కావాలి.
మొదటిసారి ఆ మాట అరబ్బీలో చెప్పలేక
ఫారం గేటు దగ్గర నీళ్ళు నములుతుంటే
"తెలుగోళ్లేనా మేడం? గట్ల చెప్పరాదుండ్రి" అన్నాడు.

పెంకుకి కిటికీ కోయడం నేర్పుతాను పిల్లలకి.
చిన్న కత్తెర, గోరంత అద్దం, టేపు.
మొదటిరోజు ఏమీ ఉండదు,
పచ్చసొన మీద పాలచుక్క ఆరినట్టు ఓ మచ్చ.
"దుక్తూరా, ఇది ఖాళీ" అంటుంది మౌజా.
రెండోరోజు మచ్చలో ఒక గీత,
గీతకి అటొకటి ఇటొకటి నువ్వుగింజల్లా.
తొంభై నిమిషాలకో జత.

నా పీరియడూ తొంభై నిమిషాలే.
హాజరు పిలిచి, ఆలస్యంగా వచ్చినవాళ్ళ సాకులు విని,
ప్రొజెక్టరు వెలగక బోర్డు మీద పిండాన్ని వంకరగా గీసి చెరిపేలోగా
అక్కడ ఓ జత అయిపోతుంది
నాకోసం ఆగకుండా.

"మా తాత తస్బీహ్‌లా ఉన్నాయి" అంది సురయ్యా.
మా భాషలో వెన్నుపూస అంటామని చెప్పాను.
పూస అంటే పూసే.
మావాళ్ళెవరో మైక్రోస్కోపు లేని రోజుల్లో
వేలితో తడిమి పెట్టిన పేరు.

హైదరాబాదులో ఆరేళ్ళు ఈ పూసలే లెక్కపెట్టాను.
ఏ జత ఎందుకు ఆలస్యమైందో ఒక పేపరు రాశాను.
నలుగురు చదివారు, అందులో ఒకరు నేను.
ఇక్కడ ఇన్‌క్యుబేటరు కూడా ఏదో హ్యాచరీవాళ్ళు వద్దనుకున్నది,
తలుపు రబ్బరు వదులైతే
లస్మన్నే సైకిల్ ట్యూబు కోసి అతికించాడు.

మే నెలాఖరు. పరీక్షల వారం.
పొద్దున ఎనిమిదింటికి కరెంటు పోయింది.
రెండు గంటలు. నాలుగు గంటలు.
ఏసీ ఆగిన గదిలోకి
ఊరు మెల్లగా వచ్చి కూచుంది,
డీజిలు వాసనతో, సముద్రపు ఉప్పుతేమతో.
గుడ్లు చల్లారిపోతాయేమోనని
షమ్సా తన అబాయా కొంగు కప్పింది.
నేను థర్మామీటరు చూస్తూ నిలబడ్డాను.
ముప్పై ఆరు. ముప్పై ఏడు.
ముప్పై ఎనిమిదికి చేరి
అక్కడే ఉండిపోయింది.
పొదిగే పెట్ట పొట్టకింద ఎంత వేడో అంత.
ఆరుగురం చెమటలు కక్కుతూ
ఓ పెద్ద పెట్ట కింద కూచున్నాం.

ఫోను లైటులో ఒక కిటికీ తెరిచాను.
ముప్పై నాలుగో గంట.
ఇంకా రక్తం లేదు, ఎరుపు లేదు.
ఊరికే ఒక వణుకు. ఆగి, మళ్ళీ ఒకటి.
తోయడానికి ఏమీ లేకుండానే
కొట్టుకోవడం నేర్చుకుంటోంది గుండె.

అప్పుడే వచ్చాడు లస్మన్న తర్వాతి ట్రేతో.
చొక్కా వీపు నిండా ఉప్పు చారలు.
చూస్తావా అంటే చేతులు తుడుచుకుని
ఊపిరి బిగబట్టి వంగాడు. చాలాసేపు.
లేచి, దాని గురించి ఒక్కమాటా అనలేదు.
"బయట ఎంతున్నదో ఎరికేనా మేడం? నలబై ఆరు.
షెడ్డుల కూలర్లున్నయి,
నలబై దాటితే కోళ్ళు సచ్చిపోతయని.
మాకు పగటి బందు జూన్ ఒకటో తారీఖు సంది."
అదే మాట పిల్లలకి అరబ్బీలో చెప్పాడు, నవ్వుతూ,
నాకు రాని అరబ్బీలో, తడబడకుండా.

బోర్డు మీద నేను రాసిన పట్టిక ఉంది.
ముప్పై ఎనిమిది: ఎదుగుదల.
నలభై: వైకల్యం.
నలభై రెండు పైన గడి ఖాళీ.
మౌజా మార్కరు తీసుకుని
ఆ గడి ముందు నిలబడింది.
"ఇక్కడ ఏం రాయాలి దుక్తూరా?"
అది పరీక్షకి రాదని చెప్పబోయి
నోరు మూసుకున్నాను.

కరెంటు వచ్చింది. ఏసీ గుర్రుమంది.
చల్లగాలి తగలకుండా
అందరం ఒక్కసారి గుడ్ల మీదికి వంగాం,
లస్మన్న అందరికంటే ముందు.